పిల్లి అరిస్తే కీడు ఇంటికి కాదు

"పెంపుడు పిల్లి అర్ధరాత్రి అరిచి లేపితే ఇంటికి కీడు. కన్నార్పకుండా గోడవైపు చూస్తే అక్కడ ఏదో ఉన్నట్టే. అది నిశాచరి, దాని స్వభావం మారదు. పాలు పోసి చూడండి, అప్పటికీ అరిస్తే వదిలించుకోండి." ఈ సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. ఇందులో ఏ మాటా నిలిచేది కాదు. చివరి మాటయితే ప్రాణాలు తీసేది.

ముందు నిశాచరి సంగతి. పిల్లి గుడ్లగూబలా రాత్రంతా తిరిగే జీవి కాదు. పొద్దు వాలేటప్పుడు, తెల్లవారేటప్పుడు దానికి చురుకు ఎక్కువ. మన ఇళ్ళలోని పిల్లులు ఆఫ్రికా, పశ్చిమాసియా అడవిపిల్లి సంతతి. ఆ మసక వెలుతురులో వేటాడే అలవాటు అక్కడిదే. రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది కానీ ముక్కలు ముక్కలుగా. ఇంటిల్లిపాదీ పగలు పనులకు వెళ్ళిపోతే ఒంటరిగా పడుకున్న పిల్లి వేకువన మనతో ఆడాలని చూడదా?

స్వభావం మారదన్నదీ అబద్ధమే. మా పిల్లి తెల్లవారుజామున నాలుగింటికి నా చెవి దగ్గర అరిచేది. లేచి తిండి పెట్టేదాన్ని. అరిస్తే గిన్నె నిండుతుందని దానికి నేర్పింది నేనే. తరువాత పద్ధతి మార్చాను. పడుకోబోయే ముందు పావుగంట తాడుతో ఆడించి, అప్పుడు తిండి పెట్టాను. వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర: పిల్లికి సహజమైన వరుస అది. వేకువన ఎంత అరిచినా లేవలేదు. మొదటి వారం అరుపులు రెట్టింపయ్యాయి. చాలామంది అక్కడే లొంగిపోతారు. ఒక్కసారి లేచినా, ఇంకా గట్టిగా అరిస్తే పని జరుగుతుందని పిల్లికి అర్థమవుతుంది. మూడో వారానికి మా ఇల్లు సద్దుమణిగింది.

గోడమీద చూపు విషయానికొస్తే, శబ్దం ఎంత కీచుగా ఉందో కొలిచే కిలోహెర్ట్జ్ లెక్కలో మనిషి చెవి 20 దగ్గర ఆగిపోతుంది, పిల్లి చెవి 60 దాటి వింటుంది. అటకమీది ఎలుకల కీచులు మనకు అందవు, దానికి అందుతాయి. ఒక్కోసారి బల్లి చాలు.

పాలు వద్దు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఇక కీడు. రాత్రి అరుపు కొన్నిసార్లు పిల్లి బాధకు గుర్తు. ఎదకు వచ్చిన ఆడ పిల్లి ఏడ్చినట్టు అరుస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఆ అవస్థ తప్పుతుంది. పదేళ్ళు దాటిన పిల్లి కొత్తగా అరవడం మొదలుపెడితే థైరాయిడ్, రక్తపోటు, మూత్రపిండాలు పరీక్ష చేయించాలి. ముసలితనంలో చెవుడు, మతిమరుపు కూడా రావచ్చు. గండుపిల్లి ఇసుక తొట్టెలో పదేపదే కూర్చుని, చుక్క మూత్రం రాక అరుస్తుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది.

మా వీధిలో ఒకావిడ ఈ సందేశం నమ్మి తన గండుపిల్లిని కాలువ అవతల వదిలేసింది. మరునాడే అది చనిపోయి కనబడింది. అంతకు రెండు రోజుల ముందు నుంచి అది తొట్టె దగ్గరే కూర్చుని అరుస్తోందని తరువాత నాతో చెప్పింది. ఆ ముక్క ముందే తెలిసి ఉంటే నేనే దాన్ని ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తేదాన్ని.