రైడ్ ముందు నిలబడే కొలబద్ద గారికి

మహారాజశ్రీ కొలబద్ద గారి సముఖమునకు,

నమస్కరించి రాసుకునే విన్నపం. తమరు క్షేమమని తలుస్తాను. ఎండకూ వానకూ పిల్లల ఏడుపులకూ చలించని దేహం కనుక క్షేమంగానే ఉండి ఉంటారు. పోయిన ఆదివారం మధ్యాహ్నం వినోద పార్కులో రైడ్ ఎక్కబోతూ ఎత్తు కొలతకు నిలబడ్డ మా అమ్మాయి తల తమరు చాచిన చేతికి తగలకుండా, కింద గాలి ఆడేంత సందు మిగిల్చి వెళ్ళిపోయిన క్షణం నుంచి తమకు ఒక ఉత్తరం రాయాలని నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. ఆ సందు ఒక్క సెంటీమీటరు. తమరు ఆ సమయంలో నవ్వుతున్న ఎలుగుబంటి వేషంలో ఉన్నారు. పిల్లలను వెనక్కి పంపే ఉద్యోగానికి నవ్వు మొహమే కావాలని నిర్ణయించిన వారెవరో తెలిస్తే వారికి విడిగా మరో ఉత్తరం రాస్తాను.

పార్కుకు వెళ్ళడమంటే ఏమిటో తమకు తెలిసే అవకాశం లేదు, తమరు ఎక్కడికీ వెళ్ళరు కాబట్టి. ఖమ్మం నుంచి ఇద్దరు పిల్లలతో, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారితో, సెలవు దొరుకుతుందో లేదో చివరి దాకా చెప్పలేని భర్తతో హైదరాబాద్ శివార్లలోని ఒక పార్కుకు చేరాలంటే, బడి వాళ్ళు దసరా సెలవులు ప్రకటించిన సాయంత్రమే పని మొదలుపెట్టాలి. టికెట్ ధర తక్కువున్న రోజున బడి ఉంటుంది, బడి లేని రోజున ధర పెరుగుతుంది. ఇంట్లో కూర్చుని మన ఫోనులో, మన నెట్‌తో మనమే టికెట్ కొనుక్కుంటే దానికి సౌకర్య రుసుము అదనం. నీళ్ళ ఆటలకు నూలు బట్టలు పనికిరావు, నైలాన్ బట్టలే ఉండాలి. అవి లేనివారి కోసం లోపల ఒక దుకాణం, ఆ దుకాణానికి తగిన ధరలు సిద్ధంగా ఉంటాయి. మా అత్తగారు తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోర గేటు దాటి లోపలికి రాలేదు. ఇవేవీ తమ శాఖ పరిధిలోనివి కావని నాకు తెలుసు. వీటి గురించి తమను నిందించను.

తమ విషయానికే వస్తాను. తమ సన్నిధికి నేను చదువుకోకుండా రాలేదు. పాప వేసవి సెలవుల నుంచి ఫోనులో చూస్తున్న ఆ రోలర్ కోస్టర్‌కు కనీసం 120 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని వాళ్ళ పేజీలో అట్టడుగున, చీమల బారులాంటి అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని వెతికి పట్టుకున్నాను. ప్రయాణం రోజు పొద్దున పాప పక్క మీద నుంచి దిగగానే తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి, నెత్తిన తెలుగు వాచకం అడ్డంగా పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి టేపుతో కొలిచాను. 120. మావారు మళ్ళీ కొలిచారు. 120. "ఎందుకైనా మంచిది, ఇంకో నెల ఆగరాదమ్మా, ఇంకాస్త సాగుతుంది కదా" అన్నారు అత్తగారు. ఆవిడ లెక్క తప్పేమీ కాదు. ఈ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు, అంటే నెలకు అర సెంటీమీటరు. కానీ దసరా సెలవులు నెల ఆగవు.

తమ ముందు అదే పాప 119 అయింది. ఇంట్లో ఉన్న సెంటీమీటరు దారిలో ఎక్కడ పడిపోయిందని తిరుగు ప్రయాణమంతా ఆలోచించాను, తర్వాత చదివి తెలుసుకున్నాను. పొద్దున లేచినప్పటి ఎత్తు మనిషికి సాయంత్రం దాకా నిలవదు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని డిస్కులు ఒంటి బరువుకు నలిగి, వాటిలోని నీరు కొంత బయటికి పోయి, పొద్దు గడిచేకొద్దీ మనిషి సుమారు ఒక సెంటీమీటరు దాకా కుంగుతాడు. రాత్రి వెన్ను వాల్చితే మళ్ళీ తేరుకుంటాడు. మేము కొలిచింది పక్క దిగిన బిడ్డను. తమరు కొలిచింది మిట్టమధ్యాహ్నం రేకుల కింద, పాములా మెలికలు తిరిగిన ఇనుప కమ్మీల మధ్య నిలబడి నిలబడి వచ్చిన బిడ్డను. నా బిడ్డ ఎత్తును తగ్గించింది తమ క్యూ. తగ్గిందని చెప్పింది తమరు. అదనంగా డబ్బు కట్టి పక్క దారిలో చకచకా వెళ్ళిన పిల్లలు మా కన్నా తక్కువ కుంగి ఉంటారని నాకు గట్టి అనుమానం.

అసలు తమరు క్యూ చివర ఎందుకు నిలబడతారు? మొదట్లో నిలబడితే తమ గౌరవానికి భంగమా? ఎక్కనివ్వని సంగతి నిలబడక ముందే చెప్పే మార్గం ఉండగా, నిలబెట్టి, ముందువాళ్ళ కేకలు వినిపించి, ఇనుప గేటు దగ్గరికి రప్పించి, అప్పుడు ఎలుగుబంటి చెయ్యి చూపించడం ఏ ఊరి మర్యాద?

ఇదంతా ఒక ఎత్తు, బూట్ల సంగతి ఒక్కటే ఒక ఎత్తు. అది నేను మరిచిపోలేను.

పొద్దున టికెట్ కౌంటర్ పక్కన తమ సోదరులు ఒకరు జిరాఫీ వేషంలో నిలబడి ఉన్నారు. 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, దాటితే పిల్లల టికెట్ కొనాలి. మావాడికి రెండున్నరేళ్ళు ఇంకా నిండలేదు. వాడి కాళ్ళకు నడిస్తే ఎర్ర దీపాలు వెలిగే బూట్లున్నాయి, వాటి అడుగు నా బొటనవేలంత మందం. వాణ్ణి వాటితోనే నిలబెట్టారు. వాడి నెత్తి గీతను తాకింది. "బూట్లు విప్పిస్తానండీ" అని వంగాను. "అక్కర్లేదు మేడమ్, వెనక జనం ఉన్నారు" అన్నాడు లోపలి అబ్బాయి, టికెట్ కొట్టేశాడు. వినోద పార్కుల టికెట్ల మీద జీఎస్టీని 2018లో 28 శాతం నుంచి 18కి తగ్గించారని పేపర్లో చదివి అప్పట్లో సంతోషించాను; ఆ ఫలం చివరికి మా రెండేళ్ళవాడికి దక్కింది. ఇంకా ఒంటేలుకు చెప్పడం పూర్తిగా రాని వయసులో వాడు ఈ దేశానికి పన్ను కట్టాడు.

మధ్యాహ్నం తమ దగ్గర పాప వంతు వచ్చింది. మొదటి మాట "చెప్పులు విప్పండి". రెండో మాట "ఆ క్లిప్పు తీసేయండి". మూడో పనిగా జుట్టును అరచేత్తో అదిమారు. 119.

అంటే డబ్బు తీసుకునేటప్పుడు బూట్లు బిడ్డలో భాగం, రైడ్ ఎక్కించేటప్పుడు జుట్టు కూడా బిడ్డలో భాగం కాదు. ఒకే ఇంటి పిల్లలు, ఒకే ఆదివారం, ఒకే యాజమాన్యం! సూటిగా అడుగుతున్నాను, చెప్పు. 90 దగ్గర నిలబడి ఈ బిడ్డ పెద్దదైంది, డబ్బు కట్టండి అన్నది మీ వంశమే కదా? 120 దగ్గర నిలబడి ఈ బిడ్డ చిన్నది, తీసుకుపొండి అన్నది నువ్వే కదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టికలు ఎప్పుడైనా చూశావా? వాటి ప్రకారం సగటు బిడ్డ 90 సెంటీమీటర్లకు చేరేది దాదాపు రెండున్నరేళ్ళకు, 120కి చేరేది దాదాపు ఏడేళ్ళకు. మధ్యలో ఉన్న నాలుగున్నరేళ్ళు, పార్కు పేరు చెబితే అన్నం ముద్దలు గబగబా మింగే ఆ ఏళ్ళన్నీ, బిడ్డ నీ లెక్కలో డబ్బు కట్టేంత పెద్దది, బండెక్కలేనంత చిన్నది. 140 దాటితే పెద్దల టికెట్. పదేళ్ళు నిండిన కొద్ది నెలలకే పిల్లలు ఆ గీత దగ్గరికి వచ్చేస్తారు. పిల్లల టికెట్ కొని నీ 120 గీతను దర్జాగా దాటగలిగే కాలం మూడేళ్ళ పైచిలుకు. మిగతా కాలమంతా తల్లిదండ్రులు కొన్నది ఏమిటి? నీ నవ్వు మొహం చూసే హక్కా?

రైల్వే వాళ్ళను మనం తిట్టని రోజు లేదు, అయినా ఈ విషయంలో వాళ్ళకున్న న్యాయం నీకు లేదు. ఐదేళ్ళలోపు బిడ్డకు బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు కావాలంటే 2016 ఏప్రిల్ నుంచి పూర్తి ఛార్జీ, బెర్తు వద్దనుకుంటే సగం. డబ్బుకు చోటు, చోటు లేకపోతే తగ్గింపు. నువ్వు మాత్రం ముందు డబ్బు తీసుకుంటావు, చోటు ఉందో లేదో క్యూ చివర చెబుతావు.

డల్లాస్‌లో ఉండే మా ఆడపడుచుకు ఫోను చేసి ఇదంతా వెళ్ళబోసుకుంటే, అక్కడా తమ బంధువర్గం ఉందని చెప్పింది. (కోపంలో ఏకవచనం దొర్లింది, మళ్ళీ తమరు అంటాను.) డిస్నీ పార్కుల్లో టికెట్‌కు వయసు చూస్తారట: మూడేళ్ళ లోపు ఉచితం, మూడు నుంచి తొమ్మిది వరకు పిల్లల టికెట్, అదీ పెద్దల ధరకు దరిదాపుల్లోనే. రైడ్లకు మాత్రం తమరే. స్పేస్ మౌంటెన్ అన్న ఒకే పేరుతో అమెరికాలో రెండు రైడ్లున్నాయి. కాలిఫోర్నియాలోని దానికి 40 అంగుళాలు చాలు, ఫ్లోరిడాలోని దానికి 44 ఉండాలి. పట్టాలు వేరు కాబట్టి గీత వేరు, అందులో తప్పు పట్టడానికి లేదు, కానీ 42 అంగుళాల బిడ్డకు ఆ సంగతి చెప్పి ఒప్పించే తల్లిని తలుచుకుని నాకు జాలి వేసింది. అయితే అక్కడ ఒక ఏర్పాటుంది. ఎక్కలేని బిడ్డ దగ్గర తల్లి ఉంటే తండ్రి ఎక్కి వస్తాడు, ఆ తర్వాత తల్లి మళ్ళీ మొదటి నుంచి క్యూ కట్టకుండానే ఎక్కవచ్చు. ఈ సంగతి తెలియకుండానే ఆ ఆదివారం నేనూ ఇలాంటి సౌకర్యం ఉందా అని అడిగితే తమ పక్కనున్న అబ్బాయి నన్ను ఎగాదిగా చూశాడు. నా ఎత్తు చూశాడేమో.

ఇంతా రాశాక ఒక మాట ఒప్పుకోక తప్పదు. తమరు వద్దన్నది ఊరికే కాదు. ఒకే సీటులో పెద్దవారు, పిల్లలు పక్కపక్కన కూర్చుంటే ఒడి మీదికి దిగే ఇనుప కడ్డీ పెద్దవారి తొడల దగ్గరే ఆగిపోతుంది, పిల్లల ఒడికీ కడ్డీకీ మధ్య ఖాళీ మిగులుతుంది. చిన్నపిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ, మలుపులో కుదుపుకు ముందు ఊగేది అదే. కాళ్ళు ఆనతాయా, చేతులు కమ్మీకి అందుతాయా అని ఒక్కొక్కరిని కొలవడం కుదరదు కాబట్టి అన్నింటికీ కలిపి ఒక్క ఎత్తే కొలుస్తారు. 1938లో మొదలై మామూలుగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్‌కు చిన్నప్పుడు మమ్మల్ని తీసుకెళ్ళేవారు. మా ఊరి జాతరల్లోనూ కొలంబస్, జెయింట్ వీల్ ఎక్కాను. జాతరలో కొలత ఒక్కటే: మా నాన్న జేబు. "పాప చిన్నది కదా" అని నాన్న జంకితే "ఏం కాదు సార్, ఎక్కించండి, గట్టిగా పట్టుకుంటది" అనేవాడు తిప్పేవాడు. ఆ 'ఏం కాదు' పక్కన నిలబెట్టి చూస్తే తమ మొండితనమే నాకు నచ్చుతుంది. పాప ఏడ్చినా, మావారు బతిమాలినా, వెనకున్నవాళ్ళు "పోనీలే, ఒక్క సెంటీమీటరే కదా" అని వత్తాసు పలికినా తమరు కదల్లేదు. మా ముందున్న ఒక తాతగారు కౌంటర్ దగ్గర మనవడి చెవిలో "మోకాళ్ళు వంచు" అని, తమ దగ్గర "మునివేళ్ళ మీద లే" అని ఊదారు. రెండు చోట్లా ఆయన పాచిక పారలేదు. తమ నియమాన్ని నాకన్నా ముందు అర్థం చేసుకున్నందుకు ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

కాబట్టి రైడ్ దగ్గర తమ గీతను చెరపమని అడగడం లేదు. ఆ గీత కౌంటర్ దగ్గర అబద్ధమాడకుండా చూడమంటున్నాను. అక్కడా చెప్పులు విప్పించండి, లేదా ఇక్కడా విప్పించకండి. తమ సోదరుడి ఒంటి మీద 90, 140 గీతలతో పాటు 120 గీత కూడా గీయించి, దాని పక్కన ఈ ఎత్తు లోపు పిల్లలు ఎక్కలేని రైడ్ల పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో రాయించండి. చదువుకుని, బిడ్డకు నచ్చజెప్పుకుని, కొనాలో వద్దో మేమే తేల్చుకుంటాం. ఎక్కగలిగే రైడ్లు సగమే అయితే ధర కూడా సగమే తీసుకోండి. పార్కు దారి పొడవునా ఉన్న హోర్డింగులో అదే రోలర్ కోస్టర్ మీద చేతులు పైకెత్తి నవ్వుతున్న పిల్లవాడున్నాడు, ముందు రెండు పాలపళ్ళు ఊడి ఉన్నాయి. వాడికి ఏ పొద్దున, ఏ బూట్లతో కొలత తీశారో ఆ వివరం కూడా దయచేసి తెలియజేయించండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
119 సెంటీమీటర్ల అమ్మాయి తల్లి,
ఖమ్మం.

తా.క.: మా అబ్బాయి టికెట్ రసీదు దీనితో జతపరుస్తున్నాను. వాడు రంగులరాట్నం మీద నిద్రపోయాడు. మిగిలిన పొద్దంతా వాడు ఎక్కిన ఒకే ఒక్క రైడ్ వాళ్ళ నాన్న భుజాలు, వాటికి కూడా ఆ రోజు ధర పిల్లల టికెట్టే పడింది.