నోరు మెదపని గాయకులకు

మహారాజశ్రీ ఆర్చీస్ బృందం వారికి,

మీరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. 1941లో కామిక్ పుస్తకంలో పుట్టిన ఆర్చీ ఇప్పటికీ హైస్కూలు కుర్రాడే. బొమ్మలకు బీపీ రాదు. షుగర్ రాదనుకుంటా గానీ, దానితో మీకున్న సంబంధం వేరు.

మీ 'షుగర్, షుగర్' పాట గురించే ఈ ఉత్తరం. 1969 ఆగస్టులో అమెరికాలోని వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో లక్షల మంది కుర్రకారు వానలో, బురదలో కూర్చుని, రాక్ సంగీతంతో లోకం మారిపోతుందని నమ్మారు. సెప్టెంబరు వచ్చేసరికి అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందాన్ని దించేసి మొదటి స్థానంలో కూర్చున్నది ఎవరయ్యా అంటే మీరు! శనివారం పొద్దున పిల్లలు చూసే కార్టూన్‌లోని బొమ్మలు. నాలుగు వారాలు అక్కణ్ణించి కదల్లేదు. ఏడాది చివర్లో లెక్క తీస్తే ఆ సంవత్సరం మొత్తానికీ 'షుగర్, షుగర్' పాటదే మొదటి స్థానం. బీటిల్స్ పుట్టిన బ్రిటన్‌లో అయితే ఎనిమిది వారాలు.

మీ పుట్టుక వెనక డాన్ కిర్ష్‌నర్ అనే పెద్దమనిషి కడుపుమంట ఉంది. అంతకుముందు ఆయన మంకీస్ అనే టీవీ బృందానికి పాటలు చూసేవారు. పాటలు ఏరేది ఆయన, వాయించేది స్టూడియో కళాకారులు, పాడి కెమెరా ముందు నవ్వడం ఆ నలుగురు కుర్రాళ్ల వంతు. రికార్డులు తెగ అమ్ముడుపోయాయి. అప్పుడు కుర్రాళ్లకు రోషం వచ్చింది, మా వాయిద్యాలు మేమే వాయించుకుంటామన్నారు. గొడవ ముదిరి 1967లో కిర్ష్‌నర్ ఉద్యోగమే ఊడింది. ఇంకొకరైతే ఈసారి కాంట్రాక్టు గట్టిగా రాయించుకునేవారు. ఈయన ఏకంగా మనుషులనే మానేశారు.

1968లో సీబీఎస్ టీవీలో మీ కార్టూన్ 'ది ఆర్చీ షో' మొదలైంది, సంగీతం ఆయన చేతికొచ్చింది. మీ సుగుణాలు ఏమని చెప్పను! రాయల్టీ అడగరు. హోటల్ గదుల్లో టీవీలు పగలగొట్టరు. వియత్నాం మీద మీకు అభిప్రాయమే లేదు. మీలోని బెట్టీ, వెరోనికా ఒకే కుర్రాడి కోసం ఏళ్ల తరబడి కీచులాడుకుంటున్నా బృందం చీలదు. అదే రోజుల్లో బీటిల్స్‌ని చూడండి, ఏమైందో. పైగా మీ కార్టూన్ తీసిన ఫిల్మేషన్ వారు ఖర్చు కలిసొస్తుందని ఒకే కదలికను మళ్లీ మళ్లీ వాడేవారు కనుక మీకు కొత్త స్టెప్పులు నేర్చుకునే టెన్షన్ కూడా లేదు.

మరి పాడిందెవరు? రాన్ డాంటే. తోడుగా టోనీ వైన్. రాసింది జెఫ్ బ్యారీ, ఆండీ కిమ్. రికార్డు మీద గాయకులుగా మాత్రం మీరే. తెర మీద ఒకరు, మైకు ముందు ఒకరు ఉండటం మాకు వింతేమీ కాదు, మా సినిమా పాటలన్నీ అంతే. కానీ మేం ఘంటసాల పేరు తెలియకుండా పెరగలేదు. మీ డాంటే సంగతి చూడండి: ఆ నెలల్లోనే కఫ్ లింక్స్ అనే ఇంకో ఉత్తుత్తి బృందం పేరుతో 'ట్రేసీ' అనే పాట పాడితే అదీ టాప్ టెన్‌లోకి ఎక్కింది. రేడియో అంతా తన గొంతే, ఊళ్లో ఎవరికీ ఆ మొహం తెలియదు.

మీది పాట కాదు, బబుల్‌గమ్ అని విమర్శకులు మూతి విరిచారు. మీ రికార్డుల్ని పొద్దున పాలల్లో వేసుకు తినే సీరియల్ డబ్బాల అట్టల మీదే అచ్చేసి, కత్తిరించి వాయించుకోమన్నాక ఆ మాట పడక తప్పదు. కానీ 1970లో సోల్ సంగీతం పాడే విల్సన్ పికెట్ అదే పాట పాడి హిట్ కొట్టాడు. అంటే ట్యూన్ నిజంగానే బాగుంది. నా ఏడుపల్లా అదే. చెత్త పాటైతే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

మీ దారి మిగతావాళ్లకూ నచ్చింది. 1971లో బతికున్న జాక్సన్ ఫైవ్ అనే గాయక అన్నదమ్ముల్నే కార్టూన్ చేసేశారు. పాటలు వాళ్లవే, మాటలు మాత్రం వేరేవాళ్లు చెప్పారు. తర్వాతెప్పుడో డేమన్ ఆల్బర్న్ అనే అసలు సిసలు రాక్ స్టార్ తనంతట తనే గొరిల్లాజ్ అనే కార్టూన్ బృందం బొమ్మల చాటుకి వెళ్లాడు. డాంటేని దాచిపెట్టిన చోటికి ఈయన ముచ్చటపడి నడిచి వెళ్లాడన్నమాట.

జవాబు రాయండి. మీరు రాయలేరు కదా, డాంటే గారి చేతే రాయించండి. సంతకం కూడా ఈసారి ఆయన్నే పెట్టనివ్వండి.

ఇట్లు,
ఆ పాట నోట్లోంచి పోక అవస్థపడుతున్న ఒక శ్రోత