మీసాలొచ్చిన అనాథతో వచ్చిన చిక్కు

మార్చి నెల వచ్చిందంటే మన కంపెనీలకు పేదల మీద ప్రేమ పొంగుకొస్తుంది. దీన్ని వెక్కిరించేవాళ్లు అల్పబుద్ధులు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి అయిదు కోట్లో, ఆపైనో నికర లాభం చూసిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. దీనికే సీఎస్ఆర్, అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత, అని పేరు. మార్చి 31 దాటితే మిగిలిన సొమ్ముకు లెక్క చెప్పుకోవాలి. గడువు పెట్టుకుని మరీ ప్రేమించే క్రమశిక్షణ మనలో ఎందరికుంది?

అందుకే ఆ రోజుల్లో పిల్లల హోమ్‌ల ముందు ఫ్లెక్సీలు లేస్తాయి. స్వచ్ఛంద సంస్థవాళ్లు పిల్లలకు తల దువ్వి, పౌడరు రాసి వరసగా నిలబెడతారు. లోగో టీషర్టులు వేసుకున్న ఉద్యోగులు దిగుతారు. కేకు కోస్తారు, బ్యాగులు పంచుతారు. హెచ్ఆర్ మేడమ్ ఒక బుజ్జిదాన్ని ఎత్తుకుంటారు, ఫొటో దిగుతారు. అందరూ కళ్లొత్తుకుని నాలుగింటికల్లా బస్సెక్కుతారు. ట్రాఫిక్ టెన్షన్ దాతలకైనా తప్పదు కదా.

ఈ శోభను పాడుచేసేవాడు వెనక వరసలో ఒకడుంటాడు. మీసాలొచ్చాయి, ఎత్తుకోవడానికి వీలుకాని సైజు. వాడికి పద్దెనిమిది నిండుతున్నాయి. నిండగానే పిల్లల హోమ్‌లో చోటుండదు. నిన్నటిదాకా సెలవు చీటీ మీద కూడా సూపరింటెండెంట్ సంతకం కావాల్సినవాడు, తెల్లారేసరికి అద్దె ఒప్పందాలు కుదుర్చుకోగల పెద్దమనిషి అయిపోతాడు.

అయితే ప్రభుత్వం వాణ్ణి గాలికి వదిలేసిందనడం అన్యాయం. 2015 బాలల న్యాయ చట్టంలో హోమ్ విడిచి వెళ్లేవాళ్లను ఆదుకోవడానికి 46వ సెక్షన్ ఉంది. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద, మంజూరైతే, నెలకు 4,000 రూపాయలిచ్చే ఏర్పాటు కూడా ఉంది. అమీర్‌పేటలో ఆ డబ్బుతో హాస్టల్‌లో మంచం తీసుకుంటే భోజనం ఎలా అని కొందరు అడుగుతారు. మంచమూ కావాలి, అన్నమూ కావాలి అంటే ఎలాగండీ?

కంపెనీలూ స్వచ్ఛంద సంస్థలూ చేయీ చేయీ కలిపేది సరిగ్గా ఇక్కడే. ఉపాధికి పనికొచ్చే నైపుణ్యాలు నేర్పించడం కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో ఉంది కాబట్టి శిక్షణ ఖర్చు సీఎస్ఆర్ పద్దులో పడుతుంది. అదే కుర్రాణ్ణి పనిలో పెట్టుకుని జీతమిస్తే అది మామూలు వ్యాపార ఖర్చు, సీఎస్ఆర్ కిందికి రాదు. ఇక తెలివైన కంపెనీ ఏం చేయాలి? శిక్షణ ఇవ్వాలి. అయిపోయాక మళ్లీ ఇవ్వాలి. కంప్యూటర్ బేసిక్స్, స్పోకెన్ ఇంగ్లిష్, ఇంటర్వ్యూలో కుర్చీ మీద ఎలా కూర్చోవాలో నేర్పే రెండు రోజుల వర్క్‌షాప్. లేనిదల్లా ఇంటర్వ్యూ ఒక్కటే. మూడు సంస్థల దగ్గర శిక్షణ పొందిన ఒక్క కుర్రాడు మూడు నివేదికల్లో ముగ్గురు లబ్ధిదారులవుతాడు. ఇంత తక్కువ ఖర్చులో ఇంత జనాభాను ఉద్ధరించడం మాటలా?

పొరపాటున ఒకడు ఉద్యోగం దాకా వెళ్లాడే అనుకోండి, దరఖాస్తులో తండ్రి పేరు, శాశ్వత చిరునామా, పూచీ ఇచ్చే ఇద్దరు పెద్దమనుషులు కావాలంటారు. వాడు హోమ్ చిరునామా రాస్తాడు. వెరిఫికేషన్ వాళ్లు ఫోన్ చేస్తే, 'వాడిప్పుడిక్కడ ఉండటం లేదండీ' అని హోమ్‌వాళ్లు నిజమే చెబుతారు. వాడి ఫైలు మీద ఎర్ర గీత పడుతుంది. ఆ పూచీ సంతకమేదో వర్క్‌షాప్ పెట్టిన కంపెనీయే చేయొచ్చుగా అంటారా? సంతకానికి ఖర్చుండదు. ఖర్చు లేనిదాన్ని సీఎస్ఆర్‌లో ఎలా చూపిస్తారు?

అలాగని ఏళ్ల తరబడి తోడుండకూడదని ఏ రూలూ లేదు. మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ల దాకా ఒకే ప్రాజెక్టును నడపొచ్చు. కానీ మూడేళ్ల తర్వాత ఫొటో తీస్తే అందులో ఉండేది టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి పోతున్న ఒక మామూలు మనిషి. వాణ్ణి చూసి ఏ వాటాదారుకు కన్నీళ్లొస్తాయి?

అందుకని మధ్యేమార్గంగా మెంటారింగ్ వచ్చింది. ఉద్యోగులూ కుర్రాళ్లూ కలిసి ఒక వాట్సాప్ గ్రూపు. పొద్దున్నే సూర్యోదయం బొమ్మ, దాని కింద గెలుపు గురించి ఒక సూక్తి. ఒక రాత్రి ఎవడో అందులో రాస్తాడు: 'సార్, రూమ్ ఓనర్ రెండు నెలల అడ్వాన్స్ అడుగుతున్నారు. మావాళ్లెవరైనా మాట్లాడితే ఒక నెలకు ఒప్పుకుంటారట. మీలో ఎవరైనా ఒక్కసారి ఫోన్ చేస్తారా సార్?' అందరూ చూస్తారు. ఇద్దరు దండం బొమ్మ పెడతారు. మర్నాడు పొద్దుటికి ఆ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మారిపోతుంది.