రాసేసి చెరిపేస్తే సరిపోతుందా?

పత్రికలో ఏ వాక్యమైనా అచ్చుకు వెళ్లేముందు రాసినవారిది కాక కనీసం మరొకరి కన్ను పడుతుంది. లాస్ ఏంజెలిస్ టైమ్స్ లాంటి పెద్ద పత్రికలో ఆ కళ్లు ఇంకా ఎక్కువే ఉంటాయనుకోవాలి. అయినా 2024 మార్చి ఆఖరి శుక్రవారం, కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడుకుంటున్న ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల అమ్మాయిలను ‘మురికి’ అన్న మాట అన్ని కళ్లనూ దాటుకుని పాఠకుల ముందుకొచ్చేసింది.

అమెరికా మహిళల కాలేజీ టోర్నీలో యూసీఎల్ఏ (లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం), ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మ్యాచ్‌కు ముందు ఆ పత్రిక క్రీడా విలేకరి బెన్ బోల్చ్ రాసిన కాలమ్ అది. యూసీఎల్ఏ జట్టేమో అమెరికా ముద్దుబిడ్డలట, పాలూ బిస్కెట్లట. ఎల్ఎస్‌యూ జట్టు విలన్లట, లూసియానా హాట్ సాసట. ఆ ‘మురికి’ పక్కన చేర్చిన ఇంకో పదాన్ని కలిపి చదివితే బూతు సినిమా వాసన. శనివారం గెలిచాక ఎల్ఎస్‌యూ కోచ్ కిమ్ మల్కీ విలేకరుల ముందే కడిగేశారు. పత్రిక ఆ వాక్యాలు తీసేసి, అవి తమ ప్రమాణాలకు తగినట్టు లేవని ఒక ముక్క రాసి పెట్టింది. సోమవారం బోల్చ్ క్షమాపణ చెప్పారు. అంతటితో అయిపోయిందట! ముందు రాసెయ్, గొడవైతే తీసెయ్. మమ్మల్ని భయపెడుతున్నది ఈ అలవాటే.

కాలేజీ ఆటగాళ్లు 2021 జూలై నుంచి తమ పేరు మీదా, బొమ్మ మీదా సంపాదించుకుంటున్నారు, ప్రకటనల్లో కనిపిస్తున్నారు, ఇంకా చిన్నపిల్లలంటే ఎలా అని కొందరు అభిమానులు అడుగుతున్నారు. మల్కీ మాత్రం తక్కువ తిన్నారా అనీ అంటున్నారు. నిజమే, తన మీద రాబోయే కథనానికి ముందే దావా వేస్తానని బెదిరించిన మనిషి ఆమె. కానీ ప్రకటనల డబ్బు తీసుకున్నందుకు ఆట మీద విమర్శ పడాలి గానీ, మురికి అనిపించుకోవాలా?

ఆట మీద రాయడానికి సరుకే లేదా? సోమవారం రాత్రి అల్బనీలో అయోవా విశ్వవిద్యాలయం జట్టు 94-87తో ఎల్ఎస్‌యూను ఇంటికి పంపింది. అయోవా స్టార్ కెయిట్లిన్ క్లార్క్ 41 పాయింట్లు కొట్టింది, అందులో తొమ్మిది త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బుట్టలు). ఆమెను ఆపే పని తన జట్టులోని హేలీ వాన్ లిత్‌కు అప్పగించడమేమిటని మల్కీని నిలదీయొచ్చు. ఎల్ఎస్‌యూ స్టార్ ఏంజెల్ రీస్ 20 రీబౌండ్లు (బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతులు) పట్టి కూడా ఐదో ఫౌల్‌తో బయటికెళ్లాల్సొచ్చి ఆఖర్లో జట్టుకు అక్కరకు రాకుండా పోయిందని ఘాటుగానే రాయొచ్చు. ఆ రాతకు ఎవరూ క్షమాపణ అడగరు.

కానీ అమ్ముడుపోయేది విలన్. ఆ రాత్రి మ్యాచ్‌ను టీవీలో 1.23 కోట్ల మంది చూశారు. ఇంతమందిని కూర్చోబెట్టాలంటే ఒక మంచిపిల్ల, ఒక చెడ్డపిల్ల కావాలి. ఆ చెడ్డపిల్ల వేషం అంతకు ముందు ఏడాదే రీస్‌కు కట్టారు. 2023లో లూయివిల్ జట్టుతో మ్యాచ్‌లో క్లార్క్ తన ముఖం ముందు చెయ్యి ఆడించి ‘నేను మీకు కనబడను’ అన్నట్టు సైగ చేస్తే ముచ్చటపడ్డారు. కొద్దిరోజులకే డాలస్ ఫైనల్లో అయోవా మీద 102-85తో గెలుస్తూ రీస్ అదే సైగ చేస్తే సభ్యత గుర్తొచ్చింది. టీవీ వ్యాఖ్యాత కీత్ ఓల్బర్‌మన్ రీస్‌ను బూతు మాట కలిపి తిట్టి, క్లార్క్ సంగతి తనకు తెలియదంటూ ఆ తర్వాత క్షమాపణ చెప్పారు. అక్కడా అదే వరస, ముందు తిట్టు, తర్వాత వివరణ. క్లార్క్ తెల్లమ్మాయి, రీస్ నల్లమ్మాయి అని వేరే చెప్పాలా? చెయ్యి ఎవరి ముందు ఆడించారో ఆ క్లార్కే రీస్‌ను తప్పుపట్టొద్దంది. పెద్దమనుషులకు అది వినబడలేదు.

2007లో రట్గర్స్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ అమ్మాయిలు ఫైనల్లో టెనెసీ చేతిలో ఓడిన మర్నాడే రేడియోలో డాన్ ఐమస్ వాళ్ల జుట్టునూ, శీలాన్నీ కలిపి నీచంగా మాట్లాడాడు. వారం దాటాక సీబీఎస్ రేడియో అతన్ని తీసేసింది. ఆ ఏడాది డిసెంబర్‌కల్లా ఇంకో స్టేషన్లో మళ్లీ మైకు దొరికింది. అప్పుడు ఉద్యోగమైనా పోయింది. పదిహేడేళ్ల తర్వాత ఒక వివరణతో సరి! రేపు ఇంకో కాలమిస్టు ఇంకో అమ్మాయి గురించి రాసేటప్పుడు, పోతే రెండు వాక్యాలు పోతాయిలే అనుకోడా? తీసేసిన వాక్యాలైనా ఎక్కడికి పోయాయి? అందరి ఫోన్లలో స్క్రీన్‌షాట్లుగా భద్రంగా ఉన్నాయి.

మేమేదో కడిగిన ముత్యాలమని కాదు. 2005లో మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా స్కర్ట్ పొడవు మీద చర్చలు నడిపింది మన దేశపు పత్రికలూ చానళ్లే. డెస్క్ మీద కూర్చున్నవాళ్లు ‘ఈ మాట తీసేయ్’ అనకపోతే ఏమవుతుందో మాకు తెలుసు.

సోమవారం క్షమాపణ వచ్చింది. ఆ రాత్రే ఓడిపోయి మైకుల ముందు కూర్చున్న రీస్, చంపుతామన్న బెదిరింపులు కూడా వచ్చాయనీ, అంతకు ముందు ఏడాది కప్పు గెలిచినప్పటి నుంచి తనకు సంతోషమే లేదనీ చెబుతూ కళ్లు తుడుచుకుంది. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల ఓటమికీ, తిట్లకూ కలిపి కెమెరాల ఎదుట కూర్చుని జవాబు చెప్పింది. రాసినవారి క్షమాపణ సరే, ఆ వాక్యాన్ని చదివి, బాగానే ఉందనుకుని పేజీకి పంపిన ఎడిటర్లు ఎప్పుడు కూర్చుంటారు మైకు ముందు?