బైపాస్‌లో కండరానికిచ్చిన విలువ నాళానికేదీ?

ఓపెన్ హార్ట్ సర్జరీ చరిత్రను ఇంతకాలం గుండె కండరాన్ని కాపాడుకున్న కథగానే చెప్పుకుంటూ వచ్చాం. 1955లో బ్రిటిష్ వైద్యుడు మెల్‌రోజ్, ఆపరేషన్‌కు వీలుగా పొటాషియం సిట్రేట్‌తో గుండెను ఆపి చూపించారు. ఆ మోతాదు కండరాన్నే దెబ్బతీస్తోందని తేలడంతో వెనక్కి తగ్గిన వైద్యరంగం, 1970లలో పొటాషియం బాగా తగ్గించిన సెయింట్ థామస్ ద్రావణం వంటివాటితో ఆ చిక్కును చాలావరకు విప్పుకుంది. ఆ కండరానికి రక్తం మోసే నాళాల లోపలి పొర ఏ స్థితిలో బయటపడుతోందన్నది మాత్రం ఇప్పటికీ రెండో వరుస ప్రశ్నే.

ఒక్క కణం మందం మాత్రమే ఉండే ఈ పొర పేరు ఎండోథీలియం. నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి నాళాన్ని సడలించేదీ, రక్తం గడ్డకట్టకుండా చూసేదీ ఇదే. గుండెను ఆపడానికి వాడే పొటాషియమే, నాళం సడలడానికి ఈ పొర వాడుకునే మరో మార్గాన్ని బలహీనపరుస్తుందని ప్రయోగశాలలు చూపాయి.

అయితే అసలు నిర్లక్ష్యం కనిపించేది, మూసుకుపోయిన గుండె నాళాన్ని తప్పించి రక్తానికి కొత్త దారి వేయడానికి బైపాస్‌లో వాడే కాలి సిర దగ్గర. రేపటి నుంచి గుండెకు రక్తం అందించే కరొనరీ ధమనిగా పనిచేయాల్సిన ఆ సిరను బయటికి తీసి, చాలాచోట్ల ఉత్త సెలైన్ గిన్నెలో పడేస్తారు. కారే చోట్లు తెలియడానికి సిరంజితో ఉబ్బిస్తారు. చేత్తో నొక్కే ఆ ఒత్తిడి 300 మిల్లీమీటర్ల పాదరసం (బీపీని కొలిచే కొలమానం) దాటడం అరుదేమీ కాదు. పుట్టినప్పటి నుంచి అంత ఒత్తిడి ఎరుగని సిర అది. ఆమ్ల గుణమున్న సెలైన్‌లో నానడం ఒక దెబ్బ, ఈ ఉబ్బింపు మరో దెబ్బ. గుండెకు కుట్టకముందే పొర చిరుగుతుంది. బైపాస్ సిరల్లో దాదాపు సగం పదేళ్లలో మూసుకుపోతాయన్న లెక్కకు రోగి కొలెస్ట్రాల్‌నే కారణంగా చూపడం మనకు అలవాటైంది.

స్వీడన్‌లోని ఓరెబ్రోలో సర్జన్ డొమింగోస్ సౌజా బృందం సిరను చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీసి, ఉబ్బించకుండా వాడింది. పదహారేళ్ల తర్వాత ఆ సిరల్లో 83 శాతం తెరిచే ఉన్నాయి. మామూలు పద్ధతిలో తీసినవి 64 శాతం. చైనాలో 2,655 మందిపై జరిగిన పరీక్షలోనూ కొవ్వుతో సహా తీసిన సిరల్లో ఏడాది గడిచేసరికి మూసుకుపోయినవి 3.7 శాతం, మామూలు పద్ధతిలో 6.5 శాతం.

కాలి గాయాలు ఎక్కువవుతాయనీ, స్వీడన్, డెన్మార్క్‌లలో జరిగి 2024లో వెలువడిన పరీక్షలో రెండేళ్లకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదనీ విమర్శకులు అంటారు. రెండూ నిజమే. కానీ అవి కొవ్వుతో సహా తీసే పద్ధతి మీది అభ్యంతరాలు; ఉత్త సెలైన్‌నూ, అదుపులేని సిరంజినీ సమర్థించే వాదనలు కావు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక బైపాస్ పేదవాడికీ అందింది, అది చిన్న విజయం కాదు. కానీ ఎన్ని ఆపరేషన్లు చేశారన్నది సభల్లో వినిపించినంతగా, అయిదేళ్లకు ఎన్ని సిరలు తెరిచి ఉన్నాయన్నది వినిపించదు. డబ్బు చెల్లించే ప్రభుత్వానికి ఆ ప్రశ్న అడిగే హక్కుంది. సిరను ఏ ద్రావణంలో, ఎంతసేపు ఉంచారో, ఎంత ఒత్తిడితో పరీక్షించారో ఆపరేషన్ నోట్‌లో రాయనిదే బిల్లు ఆమోదించబోమని ఒక్క నిబంధన పెడితే, ఆ మర్నాటి నుంచే థియేటర్లలో సిరంజి పట్టిన చేతులు ఒత్తిడి చూసుకోవడం మొదలుపెడతాయి.