ఇంటర్ ఫస్టియర్ మెమో గారికి, 286 మార్కులవాడు రాసేది

మెమో గారూ,

గారు అన్నాను గానీ పన్నెండేళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, మన మధ్య మర్యాదలేంటి, నువ్వు అనే అంటాను.

నువ్వు మా ఇంటికి రాకముందే నీ వార్త వచ్చింది. 2013 ఏప్రిల్, ధర్మవరం బస్టాండు దగ్గర నెట్ సెంటర్, వెనక పదిమంది తోసుకుంటుంటే హాల్ టికెట్ నంబర్ కొట్టి పావుగంట ఎదురుచూశా. 470కి 286. లెక్కలు ఏ పేపర్ 41, బీ పేపర్ 30, ఫిజిక్స్ 31, కెమిస్ట్రీ 29, ఇంగ్లీషు 61. సంస్కృతం మాత్రం 94! ఆ భాషలో ఆకలేస్తోందని చెప్పడం కూడా రానివాడికి 94 వేసిన ఆ మహానుభావుడు ఎవరో గానీ ఆయనకు నా నమస్కారం. నెట్ సెంటర్ పిల్లోడు ప్రింటు తీసిచ్చి "పాసేలే అన్నా" అని ఓదార్చాడు, పది రూపాయలు మాత్రం వదల్లేదు.

ఆ రోజు నుంచి నువ్వే మా ఇంటి జాతకం. పదిలో 9.2 తెచ్చుకున్న పిల్లోడికి ఇదేం రోగమని మా మామ అడిగాడు. నన్ను కాదు, మా అమ్మను. ఆయన లెక్కలో నా భవిష్యత్తు అప్పటికే ఖరారు: ఏదో ఒక డిగ్రీ, తర్వాత ఆయన దోస్తు సిమెంటు కొట్టు. అమ్మ ఏమీ అనలేదు. నువ్వు చేతికొచ్చాక నీకు లామినేషన్ చేయించి, స్వామి అయినా చూస్తాడని కదిరి నరసింహస్వామి పటం వెనక దోపింది. లామినేషన్‌కు ముందే పసుపు వేలితో పట్టుకున్నట్టుంది, కెమిస్ట్రీ 29 మీద ఆ మరక ఇప్పటికీ అలాగే ఉంది.

నిన్నొకటి అడగాలి. నీలో ఇన్ని గడులున్నాయి కదా, ఎందుకు తగ్గాయో రాసుకోవడానికి ఒక్క గడి ఎందుకు లేదు? పది దాకా తెలుగు మీడియం. తీసుకెళ్లి అనంతపురంలో ఒక హాస్టల్‌లో పడేశారు. అక్కడ సారు బోర్డు మీద ఫంక్షన్ అని రాస్తే నాకు పెళ్లి పందిరి గుర్తొచ్చింది. అది మేము పదిలో చదివిన ప్రమేయమేనని తెలియడానికి మూడు నెలలు పట్టింది, మ్యాట్రిక్స్ అంటే మాత్రిక అని తెలియడానికి ఇంకో నెల. ఈలోపు వారం వారం టెస్టు, టెస్టు టెస్టుకీ సెక్షన్ మార్పు. ర్యాంకుల లిస్టు మెస్ గోడకు, సరిగ్గా అన్నం గిన్నె పైన అంటించేవాళ్లు. వడ్డించుకోవాలంటే మన పేరు ఎక్కడుందో చూసుకోక తప్పదు. నాది ఎప్పుడూ గిన్నె ఆవిరికి తడిసే చివరి వరుసే.

మే నెలలో ఇంప్రూవ్‌మెంట్ రాశా. బీ పేపర్ 30 నుంచి 39 అయింది. ఏ పేపర్‌లో 38 వచ్చింది, ఎక్కువ వచ్చిందే లెక్క కాబట్టి పాత 41 బతికిపోయింది. తొమ్మిది మార్కులు పెరిగాయని అమ్మ టెంకాయ కొట్టింది. ఆ తొమ్మిది మార్కుల అసలు ఖరీదు అప్పటికి మాకెవరికీ తెలీదు.

తెలిసింది సమ్మె పుణ్యాన. మా నాయన ఆర్టీసీ కండక్టర్. 2013 ఆగస్టులో సమైక్యాంధ్ర సమ్మె మొదలైంది, రెండు నెలలు బస్సులు డిపోల్లోనే. రోజూ బందులు, కాలేజీలు మూత. నేను ఇంటికొచ్చేశా. జీతం లేని కండక్టరూ సెక్షన్ లేని స్టూడెంటూ ఒకే మంచం మీద కూర్చుని ఎన్నాళ్లని మొహాలు చూసుకుంటారు? ఒక రోజు నాయన నిన్ను పటం వెనక నుంచి లాగి, "ఏమిరా, ఈ కాగితం ఎంసెట్‌లో ఎంత కోస్తాది?" అన్నాడు.

నేను నోరు తెరిచా. ఇన్ని నెలలుగా ఇంతమంది ఇన్ని తిట్లు తిట్టారు గానీ ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు, నాతో సహా.

క్యాలెండర్ కాగితం వెనక లెక్క వేశాం. ఎంసెట్ ర్యాంకులో ఎంసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్‌కు 25. ఆ ఇంటర్‌లోనూ గ్రూపు సబ్జెక్టులే, భాషలు లెక్కలోకి రావు (నా 94 అక్కడికక్కడే చచ్చిపోయింది). ఎంపీసీ వాళ్లకు గ్రూపు మార్కులు మొత్తం 600, అందులో ఫస్టియర్‌వి 270, మిగతా 330 సెకండియర్‌వి, ప్రాక్టికల్స్ 60తో కలిపి. ఆ 60 సంగతి నీకు చెప్పాలా, ల్యాబ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియనివాడికీ వస్తాయి. అంటే వందలో నీ వాటా మొత్తం 11.25. నా గ్రూపు మార్కులు 140, మా హాస్టల్ టాపర్‌వి 260 అనుకుందాం. తేడా 120. దాన్ని 600తో భాగించి 25తో గుణిస్తే సరిగ్గా 5.

ఐదు. ఇంటిల్లిపాదికీ అన్నం సయించకుండా చేసింది ఈ ఐదు మార్కులు!

ఎంసెట్‌లో 160 బిట్లకు 75 కాబట్టి ఆ ఐదూ పదకొండు బిట్లు. అమ్మ టెంకాయ కొట్టిన తొమ్మిది మార్కులు ఒక్క బిట్టుకు కూడా సరిపోవు. నాయన కాగితం వంక చూసి, "పదకొండు టికెట్లు ఎక్కువ కొట్టాలి, అంతే కదరా" అన్నాడు. పైగా తప్పు రాస్తే మార్కు కోయరు. పైగా మన యూనివర్సిటీ ఏరియాలో 85 శాతం సీట్లు అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు పిల్లలకే. ఇవన్నీ ఎవరూ దాచిన రహస్యాలు కావు. నిన్ను చూసి ఏడ్చే పనిలో పడి మేమే చదవలేదు.

మూడు గంటలకు 160 బిట్లు, బిట్టుకు 67 సెకన్లు. నేను ఒక బిట్టు దగ్గర తిష్ట వేస్తే నాయన స్టీలు గ్లాసు గోడకు కొట్టి "స్టాపు దాటిపాయ, రైట్ రైట్" అనేవాడు. చాలామంది పిల్లలకు ఆ సమ్మె వల్ల చదువు పాడైందంటారు, నిజమే. మా ఇంట్లో జీతం పాడైంది, చదువు బాగుపడింది. అక్టోబర్‌లో బస్సులు కదిలేసరికి నాకు గ్లాసు చప్పుడు లేనిదే బిట్లు చేయడం రాని పరిస్థితి.

2014 మేలో ఎంసెట్ రాశా, నాలుగంకెల ర్యాంకు. రాష్ట్రం విడిపోయిన గొడవలో కౌన్సెలింగ్ ఆగస్టుకు పోయింది. వెరిఫికేషన్ రోజు ఫైలు నిండా జిరాక్సులు, అన్నిటికంటే పైన నువ్వు, లామినేషన్‌తో మెరిసిపోతూ. కౌంటర్ మేడమ్ నిన్ను రెండు వేళ్లతో తీసి పక్కన పెట్టింది. "ఇదెందుకు బాబూ? రెండేళ్ల మార్కులూ ఉండే లాంగ్ మెమో ఇవ్వు."

ఆ క్షణంలో నీ మొహం చూడాలనిపించింది, నీకు మొహం లేదు కాబట్టి పసుపు మరకనే చూశా.

సీటు అనంతపురం జేఎన్‌టీయూలో వచ్చింది, సివిల్. 1946లో పుట్టిన కాలేజీ, అందులో సీటంటే ఏమిటో మా జిల్లాలో ఎవర్నడిగినా చెబుతారు. అక్కడ నాలుగేళ్లలో నీ గురించి ఒక్కరూ అడగలేదు, ఉద్యోగంలోనూ అడగలేదు. 2021లో కోవిడ్‌తో ఇంటర్ పరీక్షలే రద్దయినప్పుడు ఆ 25 శాతాన్ని మొత్తంగా పక్కన పెట్టి ర్యాంకులిచ్చేశారు. నీకు ఎవరూ చెప్పి ఉండరు, అందుకే చెబుతున్నా.

ఉద్యోగం వచ్చింది కాబట్టి ఇంత వెటకారం చేస్తున్నాడు అంటావేమో. అవును, అందుకే. ఆ పదకొండు బిట్లు దొరకనివాళ్లకు ఉత్తరాలు రాసే ఓపిక ఉండదు.

సరే, అసలు విషయం. ఈ మధ్య మా మామ కొడుకు ఫస్టియర్ రిజల్ట్ వచ్చింది. పేపర్లూ మార్కుల లెక్కా మారాయి గానీ మామ మారలేదు. పిల్లోడు మేడ మీద, మామ కింద హాల్లో, సిమెంటు కొట్టు ఇంకా అలాగే ఉన్నట్టుంది, ఆ మాటే ఎత్తాడు. నేను లేచి వెళ్లి నరసింహస్వామి పటం వెనక నుంచి నిన్ను తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టా. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పైనుంచి కింది దాకా వేలు పెట్టి చదివాడు. కెమిస్ట్రీ మరక దగ్గర గోరుతో గీకి చూశాడు. మళ్లీ పైకి వెళ్లాడు.

"ఏమబ్బీ," అన్నాడు చివరికి, "సంస్కృతంలో 94 వచ్చినాయే నీకు? ఎప్పుడూ చెప్పలేదే!"

ఇట్లు,
నీ 286