మార్కో పోలోకు సలహా ఇచ్చినవాళ్ల వారసులం

సముద్రం దాటి వచ్చేవాళ్లకు కాకతీయులు ఇచ్చిన రక్షణ గొప్పది. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనం వేయించి మరీ విదేశీ వర్తకులకు అభయం ఇచ్చాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చినా సరుకు లాక్కోబోమన్నాడు, సుంకం ఇంతకంటే ఎక్కువ అడగబోమన్నాడు. స్థానికుల సలహాల నుంచి మాత్రం అభయం ఇవ్వలేదు. ఆ లోపం బయటపడడానికి ఎంతో కాలం పట్టలేదు. అదే శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ రాజ్యం గురించి చెబుతూ, ఇక్కడ లోయల నిండా వజ్రాలూ పాములూ ఉంటాయని, పైనుంచి మాంసం ముద్దలు విసిరితే వజ్రాలు వాటికి అంటుకుంటాయని, గద్దలు ఆ మాంసాన్ని పైకి తెస్తే జనం వెంటబడి ఏరుకుంటారని రాయించాడు. పైగా ఇక్కడి రాణి రాజుగారి భార్య అట, భర్త పోయాక నలభై ఏళ్లుగా ఏలుతోందట. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురని వరంగల్‌లో మూడో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు.

కూతురిని భార్య చేసి, గద్దలతో వజ్రాలు మోయించిన ఆ లోకల్ మనిషి ఎవరో చరిత్రకు అందలేదు. ఆయన వంశం మాత్రం నిలిచే ఉంది. రోజూ పొద్దున ఆరింటికి హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో వాకింగ్ చేస్తోంది.

ఈ పరిశోధన నేను కావాలని చేసింది కాదు. మే నెలాఖరులో ఐదు రోజులు దుబాయ్ పోదామనుకున్నాం. నేను, మా ఆవిడ, మా అమ్మాయి, మా అత్తమ్మ. "టూరిస్టుల్లాగా తిరగొద్దు డాడీ, లోకల్స్‌ని అడిగి ప్లాన్ చేసుకోవాలి" అంది మా అమ్మాయి. దాని ఉద్దేశం దుబాయ్ లోకల్స్. నాకు అందుబాటులో ఉన్నది హన్మకొండ లోకల్స్. వాకింగ్‌లో నోరు జారాను.

మొదటి సలహా రిటైర్డ్ ఇంజనీరు సార్‌ది. "ఇప్పుడేం తొందర? మామునూరు ఎయిర్‌పోర్ట్ కానియ్యి. ఇంటికాడ ఆటో ఎక్కుతె పది నిమిషాలల్ల ఇమానం." మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉన్న మాట నిజమే. అక్కడ విమానాలు ఆగిపోయి దశాబ్దాలైంది, 2025లో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది. నా పాస్‌పోర్ట్ 2031 వరకు చెల్లుతుంది. సార్ చెప్పినట్టు ఆగితే ముందు దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి.

రెండో ఆయనకు దుబాయ్ కొట్టిన పిండి. అమెరికాలో కొడుకు దగ్గరికి పోతూ అక్కడి ఎయిర్‌పోర్ట్‌లో మూడు గంటలు కూర్చున్నారు. "ఊరంత ఏసీనే. చలికి పండ్లు కొట్టుకుంటయి. స్వెట్టర్లు మర్చిపోవద్దు" అన్నారు. మే నెలలో దుబాయ్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుందంటే, "అది బయట. బయటికి ఎవడు పొమ్మన్నడు నిన్ను?" అన్నారు. ఆలోచిస్తే అదీ ఒక యాత్రా సిద్ధాంతమే.

ఇక గ్లోబల్ విలేజ్. ఈ ఒక్క చోటు గురించి ఏడుగురు చెప్పారు. అన్ని దేశాల మండపాలు, బజార్లు, తిండ్లు ఒకే దగ్గర ఉంటాయి, చూడకపోతే జన్మ వేస్ట్. ఒకాయన తమ వియ్యంకుడు జనవరిలో దిగిన ఫొటోలు కూడా చూపించారు. చిక్కేమిటంటే అది చలికాలపు సంబరం. ఎండలు ముదిరాక మూసేసి మళ్లీ అక్టోబరులో తెరుస్తారు. పూలతోట మిరకిల్ గార్డెన్‌దీ దాదాపు అదే కథ. ఈ సంగతి చెబితే ఏడుగురిలో ఒక్కరు కూడా వెనక్కి తగ్గలేదు. "బోర్డు జూసి మర్లి రాకుండ్రి. వాచ్‌మన్ మనోడే ఉంటడు. తెలుగుల ఒక్క మాట మాట్లాడుండ్రి, తీస్తడు" అన్నారు.

కరీంనగర్ నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. ఆయనది సలహా కాదు, ఆర్డర్. "బావా, అక్కడ బంగారం అగ్గువ. అక్కకు ఓ ఐదు తులాలు వెయ్యి, మాకో రెండు తులాలు. డ్యూటీ ఉండది." డ్యూటీ ఉండని మాట నిజమే. కాకపోతే ఆడవాళ్లకు 40 గ్రాములు, మగవాళ్లకు 20 గ్రాములు అనే ఆ సౌకర్యం ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకు. ఐదు రోజులకు పోయి వచ్చేవాడికి కాదు. అదే చెప్పాను. "అయితే ఏడాది ఉండి రా బావా" అనలేదు గాని, ఫోన్‌లో ఆ మౌనం అలాంటిదే.

మా అత్తమ్మ ప్రయాణం ట్రావెల్స్ ఆఫీసులోనే ఆగిపోయింది. ఆమె పాస్‌పోర్ట్‌లో పేరు ఒక్కటే మాట, ఇంటిపేరు గడి ఖాళీ. ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌తో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. పాస్‌పోర్ట్ మార్పించుకోమని చెప్పారు ట్రావెల్స్ వాళ్లు. "ఏ ఇంటిపేరు రాయిస్తవ్ బిడ్డా? పుట్టింటిదా, అత్తింటిదా?" అని అడిగింది అత్తమ్మ. ట్రావెల్స్ కుర్రాడు నా వైపు చూశాడు. నేను మా ఆవిడ వైపు చూశాను. నలభై ఏళ్ల కింద తేలాల్సిన వ్యవహారం. చివరికి అత్తమ్మే తీర్పు చెప్పింది: "నేను రాను తియ్. నా మసాలా పట్టుకపోండ్రి."

అట్లా అత్తమ్మ సీటు మసాలాకు దక్కింది. అర కిలో పట్టే స్టీలు డబ్బా, మూత ఊడకుండా పాత జాకెట్ గుడ్డతో కట్టిన మూట. ధనియాలు, లవంగాలు, సాజీర, ఎండు కొబ్బరి, గసాలు వేయించి దంచింది. ఐదు రోజుల ప్రయాణంలో, కెటిల్ తప్ప పొయ్యి లేని హోటల్ గదిలో, మేం కోడికూర ఎక్కడ వండుకుంటామని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. ఇంతలో పరకాల నుంచి మా చిన్నమ్మ, షార్జాలో ఉన్న కూతురికి ఇవ్వమని ఒడిబియ్యం మూట, అందులో ఐదు కుడుకలు పంపింది. మా పక్కింటి వదినె సకినాలు పంపింది. ఎవరికని అడిగితే "ఎవలకైన ఇయ్యుండ్రి, దుబాయ్‌ల మనోళ్లు లేరా ఏంది" అంది.

సూట్‌కేసులు బరువెక్కాయి. టికెట్ మీద మనిషికి ముప్పై కిలోలు అని ఉంది. ఇంట్లో తూకం లేదు. వీధి చివర కిరాణా కొట్లో పెద్ద కాంటా ఉంది, బియ్యం బస్తాలు తూచేది. రాత్రి తొమ్మిదింటికి స్కూటీ మీద సూట్‌కేసు పెట్టుకొని వెళ్లాను.

కొట్టాయన కోరుట్ల దిక్కు మనిషి. పిల్ల చదువు కోసం హన్మకొండ వచ్చి ఈ కొట్టు పెట్టుకున్నాడు. ఏడేళ్లుగా ఆయన దగ్గరే ఉప్పూ పప్పూ కొంటున్నాను. సూట్‌కేసును కాంటా మీద పెట్టకముందే ఒక చేత్తో లేపి చూసి, "ఇర్వై మూడున్నర" అన్నాడు. కాంటా మీద 23.6 అని పడింది.

"గట్లెట్ల చెప్పినవ్?"

"పద్నాలుగేండ్లు దుబాయ్‌ల ఉన్న సార్. వచ్చేటోని పెట్టె పోయేటోని పెట్టె లేపుడే గద మా పని" అన్నాడు. తర్వాత ముక్కు ఎగబీల్చి, "మసాలానా? గసాలు ఏసిన్రా ఇండ్ల?" అని అడిగాడు.

వేశారన్నాను.

"తీయుండ్రి సార్. ముందు గది తీయుండ్రి." ఆయన గొంతులో మొదటిసారి టెన్షన్ విన్నాను. "మనకు గసాలు, ఆళ్లకు నల్లమందు. మా రూంల నిజామాబాద్ పోరనికి ఇంట్లకెళ్లి మసాలా అస్తే, మేం డబ్బా దెంకపోయి టాయ్‌లెట్ల కుమ్మరిచ్చినం. తమలపాకులు గూడ పెట్టకుండ్రి."

గసాలు నల్లమందు మొక్క విత్తనాలే, యూఏఈలో నిషేధం. పబ్లిక్ గార్డెన్‌లో ఇరవై రెండు మంది సలహాలు ఇస్తే, నన్ను జైలుకు పంపగల ఒకే ఒక్క సంగతి ఇరవై మూడో మనిషి వాసన చూసి చెప్పాడు. (అత్తమ్మకు చెప్పినప్పుడు, "దంచిన మసాలాల నుంచి గసాలు ఏరరాదా?" అంది. ఆమె కోపం తగ్గేదాకా ఆ డబ్బా మా ఫ్రిజ్ మీద ఉంది.)

కుడుకలు కూడా తీయించాడు. విమాన రవాణా లెక్కల్లో ఎండు కొబ్బరి ప్రమాదకరమైన సరుకు. అందులోని నూనె వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకోగల జాతి. మంగళకరమని ఒడిలో పోసేది ఇంత ప్రమాదకరమని మన పురోహితులకు తెలుసో లేదో. సకినాల సంగతి అడిగాను. "నువ్వులు ఏం కాదు. గని పైన తెల్లగ కనవడ్తె గసాలా అని అడుగుతరు. ఒకటి నోట్లె ఏస్కొని సూపెట్టుండ్రి" అన్నాడు.

"ఇవన్నీ ముందే చెప్పొచ్చు కదయ్యా?"

"మీరు అడగలేదు గద సార్. పెద్ద పెద్ద సార్లు చెప్తున్నరు, నడుమ మనమెందుకని."

మా అమ్మాయి మాట గుర్తొచ్చింది. యూఏఈలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బయటి దేశాలవాళ్లే. ఆ లెక్కన దుబాయ్ లోకల్ అంటే కోరుట్లవాడు, సిరిసిల్లవాడు, నిజామాబాద్‌వాడు. వాళ్లలో ఒకడు ఏడేళ్లుగా నాకు కందిపప్పు తూస్తున్నాడు. బస్తా మీద కూర్చున్నాను. ఆయన చాయ్ తెప్పించాడు.

డేరా నుంచి బర్ దుబాయ్‌కి పాయ దాటాలంటే అబ్రా పడవ ఎక్కమన్నాడు, ఒక్క దిర్హమ్. మా ప్యాకేజీలో అదే నీళ్ల మీద డిన్నర్ అని ఇంకో ధర ఉంది. మెట్రోలో తినొద్దు, నీళ్లు కూడా తాగొద్దు, వంద దిర్హమ్‌ల ఫైన్. పొద్దున, సాయంత్రం తిరగండి, నడిమి పొద్దున బయటికి రావద్దు అన్నాడు. "జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండల పని బంద్. సర్కారే ఆపుతది. పైసలిచ్చి పని చేయించుకునేటోడే వద్దంటుంటే, మీరు పైసలు గట్టి ఎండల నిలవడ్తరా? మే ఎండ గూడ గంతే." మన వరంగల్ లాగే అక్కడా మున్సిపాలిటీని బల్దియా అంటారట. "గదొక్కటే సార్ కలిసేది. ఆడ చెత్త ఎత్తుతరు" అన్నాడు. ఇది మా బల్దియా చదవకపోతే మంచిది.

ఆయన మాటలూ అన్నీ చెల్లవు. శుక్రవారం అంతా బంద్ ఉంటుందన్నాడు. 2022 నుంచి అక్కడ శని, ఆదివారాలు సెలవులు, శుక్రవారం సగం రోజు పని అని మా అమ్మాయి ఫోన్‌లో చూసి చెప్పింది. పబ్లిక్ గార్డెన్‌లో అయితే ఈ మాట మీద రెండు రౌండ్లు నడిచేవాళ్లు. ఆయన "మార్చిన్రా? ఖల్లివెల్లి, పోనీ తియ్" అనేసి ఇంకో గ్లాసులో చాయ్ పోశాడు.

"బుర్జ్ ఖలీఫా ఎక్కినవా?" అని అడిగాను. 828 మీటర్లు, మాకు టికెట్లు బుక్ అయ్యాయి.

"ఎక్కుడెందుకు సార్? క్యాంపు మిద్దె మీద బట్టలారేస్తుంటె కనవడేది. మబ్బు పడితె సగమే. గప్పుడు ఇయ్యాల ఉతుకొద్దు అనుకునేటోళ్లం."

లేచేటప్పుడు ఆయన కొంచెం నసిగాడు. తమ్ముడు ఇంకా అక్కడే, సోనాపూర్‌లో ఉన్నాడట. నాలుగేళ్లుగా రాలేదు. మసాలా డబ్బా, కుడుకలు తీసేస్తే పెట్టెలో కిలోన్నర జాగా ఉంటుంది కదా, ఒక్క కిలో మామిడికాయ తొక్కు పట్టుకుపోతారా అని. అప్పటికే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు ఆరు చుట్లు తిప్పి, మూడు కవర్లు తొడిగి ఉంచాడు. "చెకిన్ పెట్టెల వెయ్యుండ్రి. చేతి సంచిల పెడితె ఎయిర్‌పోర్ట్‌ల తీసేస్తరు" అని చెబుతూ తనే బట్టల మధ్య సర్ది, ఒక చేత్తో లేపాడు. "ఇర్వై మూడు." నేను కాంటా వైపు చూడలేదు.

మా అమ్మాయి ఎక్సెల్‌లో ప్లాన్ మార్చింది. గ్లోబల్ విలేజ్ గడిలో గీత పడింది. నాలుగో రోజు సాయంత్రం ఎదురుగా "సోనాపూర్ (తొక్కు)" అని రాసింది. ముహైస్నాలో కూలీల క్యాంపులున్న చోటు అది, ఆ పేరు అక్కడి మనవాళ్లు పెట్టుకున్నది.

ఆ ఎక్సెల్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన పావుగంటకు కరీంనగర్ నుంచి ఫోన్.

"బావా, మొత్తానికి దారిల పడ్డవ్" అన్నాడు బామ్మర్ది, చాలా సంతోషంగా. "సోనాపూర్ పోతున్నరట గద. టూరిస్టులకు దొరకని అసలు బంగారం మార్కెట్ గదేనా? నా రెండు తులాలు ఆడ్నే తీస్కో. గని గా పక్కన 'తొక్కు' అని రాసిన్రు, అదేం డిజైన్ బావా?"